డీఎన్ఏ రిపోర్టులో 99.99 శాతం అంటే అసలు ఏంటి?

పితృత్వ పరీక్ష రిపోర్టు చేతికి రాగానే ఎవరైనా ముందు చూసేది అడుగున ఉండే ఒక్క లైనే. 99.99 శాతం అని ఉంటే తండ్రి, 0 శాతం అని ఉంటే కాదు, అంతే. పైన ఉన్న టేబుల్ జోలికి ఎవరూ పోరు, అందులో ఏవో కోడ్ పేర్లు, పక్కన రెండేసి అంకెలు, ఆ పక్కన ఇంకో గడిలో ఏదో దశాంశం, చూడగానే మనకెందుకులే అనిపిస్తుంది. కానీ అసలు సంగతంతా ఆ టేబుల్‌లోనే ఉంటుంది. అడుగు లైను దాన్నుంచి తీసిన లెక్క, అది కూడా ఒక షరతు మీద తీసిన లెక్క, ఆ షరతు ఏంటో తెలియకుండా లైను చదివితే ఒక్కోసారి ఒక కుటుంబం మొత్తం తప్పుగా అర్థం చేసుకునే ప్రమాదం ఉంది.

ఒక్క మాట ముందే చెప్పేస్తా. "ఈ బిడ్డకి తండ్రెవరు?" అనే ప్రశ్నకి డీఎన్ఏ టెస్టు జవాబు చెప్పదు. అది చేసే పని తూకం వేయడం. ఒక పళ్లెంలో "ఈయనే తండ్రి" అన్న మాట, రెండో పళ్లెంలో "ఈయనకి సంబంధం లేని వేరే ఎవరో తండ్రి" అన్న మాట, కనిపించిన అంకెలు ఈ రెండింట్లో దేనికి ఎంత బాగా సరిపోతున్నాయో చూసి చెప్తుంది. రెండో పళ్లెంలో ఏం పెట్టారన్నదాని మీదే అంతా ఉంటుంది, జనానికి తెలియనిది కూడా సరిగ్గా అదే.

డీఎన్ఏ రాకముందు బ్లడ్ గ్రూపులతోనే పని నడిచేది. చార్లీ చాప్లిన్ మీద 1940ల్లో నడిచిన కేసు దీనికి మంచి ఉదాహరణ. ఒక యువతి తన కూతురికి తండ్రి చాప్లినే అని కోర్టుకెళ్లింది. తల్లి గ్రూపు 'ఏ', పాపది 'బీ', చాప్లిన్‌ది 'ఓ'. పాపలో ఉన్న ఆ బీ తల్లి దగ్గర లేదు, అంటే తండ్రి నుంచే రావాలి, 'ఓ' గ్రూపు ఉన్న మనిషి దగ్గర ఇవ్వడానికి బీ ఉండదు. కాబట్టి ఆయన తండ్రి అయ్యే అవకాశం లేదని డాక్టర్లు చెప్పారు. అయినా 1945లో రెండోసారి విచారణ జరిగినప్పుడు జ్యూరీ ఆయనే తండ్రి అని తేల్చింది, ఎందుకంటే కాలిఫోర్నియాలో అప్పటికి బ్లడ్ టెస్టే చివరి మాట అనే రూల్ లేదు. అది అన్యాయమే అని నా అభిప్రాయం, కానీ బ్లడ్ గ్రూపుకి ఉన్న పరిమితి కూడా ఇక్కడే తెలుస్తుంది, అది "కాదు" అని గట్టిగా చెప్పగలదు కానీ "అవును" అని చెప్పలేదు. చాప్లిన్‌ది కూడా బీ గ్రూపే అయ్యుంటే? ఊళ్లో ఉన్న బీ గ్రూపు మగాళ్లందరితో పాటు ఆయనా ఒకడు అయ్యేవాడు, అంతకుమించి ఏమీ తేలేది కాదు.

ఆ "అవును" అనే మాట గట్టిగా చెప్పే దారి 1984 సెప్టెంబర్ 10న దొరికింది. ఇంగ్లండ్‌లో లెస్టర్ యూనివర్సిటీలో అలెక్ జెఫ్రీస్ ఒక ఎక్స్‌రే ఫిల్మ్ బయటికి తీసి చూస్తే మసకమసకగా గీతలు గీతలుగా కనిపించాయి, అందులో తన ల్యాబ్ టెక్నీషియన్‌వీ ఆమె తల్లిదండ్రులవీ శాంపిల్స్ కూడా ఉన్నాయి. మనిషికీ మనిషికీ గీతలు వేరేగా ఉన్నాయి, కానీ కూతురి గీతల్లో కొన్ని తల్లివి, మిగతావి తండ్రివి. అప్పుడే ఆయనకి అర్థమైంది ఇది మనుషుల్ని గుర్తుపట్టడానికే కాదు, బంధుత్వం చెప్పడానికి కూడా పనికొస్తుందని.

చాలామంది డీఎన్ఏ మొదట హత్య కేసులో వాడారనుకుంటారు. కాదు, మొదట వాడింది 1985లో ఒక పిల్లాడి కోసం. ఆ అబ్బాయి ఘనా వెళ్లి బ్రిటన్‌లో ఉన్న తల్లి దగ్గరికి తిరిగొస్తుంటే ఇమ్మిగ్రేషన్ వాళ్లు ఆపేశారు, ఈ అబ్బాయి ఆవిడ కొడుకు కాదు, ఆవిడ అక్కచెల్లెళ్లలో ఎవరి కొడుకో అయ్యుంటాడు అని. మామూలు రక్త పరీక్షలు చేస్తే ఇద్దరూ బంధువులే అని తేలింది, కానీ తల్లో పిన్నో చెప్పలేకపోయాయి. తండ్రి శాంపిల్ దొరికే అవకాశమే లేదు. అప్పుడు జెఫ్రీస్ ఏం చేశాడంటే, ఆవిడ దగ్గరే ఉన్న మిగతా ముగ్గురు పిల్లల శాంపిల్స్ తీసుకున్నాడు, వాళ్లలో తల్లికి లేని గీతలన్నీ తండ్రి నుంచి వచ్చినవే కదా, వాటన్నింటినీ కలిపి కనిపించని ఆ తండ్రి గీతల్ని మళ్లీ కట్టాడు. తర్వాత ఈ అబ్బాయి గీతలు ఒక్కొక్కటీ చూస్తే ప్రతిదీ తల్లి దగ్గరో, అలా కట్టిన తండ్రి దగ్గరో దొరికింది. అబ్బాయి ఇంటికెళ్లాడు. ఇక్కడ రెండో పళ్లెంలో ఏముందో గమనించండి, "ఎవరో ముక్కూ మొహం తెలియని ఆవిడ" కాదు, "పిన్ని". ప్రశ్న అలా పెట్టారు కాబట్టే జవాబు పనికొచ్చింది.

ఇప్పుడు ల్యాబ్‌ల్లో ఆ గీతల పద్ధతి లేదు, ఎస్‌టీఆర్ అనే పద్ధతి వాడుతున్నారు, రిపోర్టులో టేబుల్ అంతా దాని గురించే. మన డీఎన్ఏలో కొన్ని చోట్ల నాలుగక్షరాల చిన్న ముక్క ఒకదాని పక్కన ఒకటి మళ్లీ మళ్లీ వస్తుంది, ఒకే రకం పూసలు వరసగా గుచ్చినట్టు. ఎన్ని పూసలు అనేది మనిషిని బట్టి మారుతుంది, ఒకరికి 11, ఒకరికి 14. ప్రతి చోటా మనకి రెండు దండలుంటాయి, తల్లి ఇచ్చింది ఒకటి తండ్రి ఇచ్చింది ఒకటి, అందుకే టేబుల్‌లో రెండేసి అంకెలు. రెండూ ఒకటే అయితే కొన్ని రిపోర్టుల్లో ఒక్క అంకే వేస్తారు, అది చూసి ఏదో మిస్సయిందని కంగారు పడక్కర్లేదు. టీహెచ్01 అనే చోట 9.3 అని కనిపిస్తుంది చాలామందికి, అది దశాంశం కాదు, తొమ్మిది పూర్తి ముక్కలు, ఆ పైన ఇంకో మూడక్షరాలు అని అర్థం.

ఒక లైను తీసుకుని చూద్దాం. డీ8ఎస్1179 అనే చోట బిడ్డకి 12, 14. తల్లికి 12, 13. బిడ్డ 12 తల్లి నుంచి వచ్చింది, తల్లి దగ్గర 14 లేదు కాబట్టి 14 తండ్రి ఇచ్చిందే. ఇప్పుడు తండ్రి అంటున్న మనిషికి 14, 15 అనుకోండి, సరిపోయింది. 15, 16 అయితే సరిపోలేదు. ఇంతే, ఒక్కో లైనులో జరిగేది ఇంతకుమించి ఏం లేదు.

ఇక్కడే తల్లి శాంపిల్ ఎందుకు అడుగుతారో కూడా తెలుస్తుంది. చాలామంది తల్లికి చెప్పకుండా తండ్రీబిడ్డల శాంపిల్స్ మాత్రం పంపిస్తుంటారు, టెస్టు అయితే జరుగుతుంది, కానీ పైన చెప్పిన బిడ్డనే తీసుకోండి, 12, 14. మనిషికి 12, 15. తల్లి అంకెలు తెలియకపోతే 12 ఈయనే ఇచ్చాడేమో, 14 తల్లిదేమో అని ఆ లైను "సరిపోయింది" కింద పోతుంది. తల్లిది 12, 13 అని తెలిసిన మరుక్షణం అదే లైను "సరిపోలేదు" అవుతుంది. తల్లి లేకుండా కూడా మార్కర్లు, అంటే టేబుల్‌లోని ఈ చోట్లు, ఎక్కువ చూస్తే గట్టి ఫలితమే వస్తుంది, కాదనను, కానీ చిక్కు కేసుల్లో తల్లి శాంపిల్ ఉంటే తేడా చాలా ఉంటుంది.

ఇప్పుడు ఆ మూడో గడి. సరిపోయింది సరే, దాని బరువెంత? తండ్రి అంటున్న ఆయనకి 14, 15 ఉన్నాయి, ఆయనే తండ్రి అయితే 14 ఇచ్చే అవకాశం సగం. వేరే ఎవరో తండ్రి అయితే ఆ ఎవరో 14 ఇచ్చే అవకాశం ఎంతంటే, జనాభాలో 14 ఎంత మామూలుగా కనిపిస్తుందో అంత, లెక్క కోసం 20 శాతం అనుకుందాం. సగాన్ని 20 శాతంతో భాగిస్తే 2.5. అంటే ఈయన తండ్రి అనే మాటకి ఈ ఒక్క లైను ఇచ్చే బలం రెండున్నర రెట్లు, అంత గొప్పేం కాదు. అదే ఆ అంకె వాటా జనంలో 2 శాతమే ఉండేంత అరుదైనదైతే ఒక్క లైనే 25 రెట్లు. దీన్నే పితృత్వ సూచిక అంటారు. ఒక్కో లైనుదీ చిన్నదే, కానీ వీటిని కూడరు, గుణిస్తారు. 20 లైన్లలో ఒక్కోటీ 2.5 అయినా సరే అన్నీ గుణిస్తే తొమ్మిది కోట్లు దాటుతుంది! అందుకే అమెరికాలో నేరాల దర్యాప్తు చేసే ఎఫ్‌బీఐ డీఎన్ఏ డేటాబేస్‌కి కూడా 13 మార్కర్లు చాలవని 2017 నుంచి 20 చేశారు, మార్కర్ పెరిగే కొద్దీ బలం గుణకారంలో పెరుగుతుంది.

ఆ సూచికని శాతంగా మార్చే దగ్గర వస్తుంది నేను మొదట్లో చెప్పిన షరతు. లెక్క మొదలుపెట్టేముందే ల్యాబ్ ఒకటి అనుకుంటుంది, టెస్టు చేయకముందు ఈయన తండ్రి అయ్యే అవకాశం సగానికి సగం అని. ఎందుకు సగం? ల్యాబ్‌కి ఆ కుటుంబం సంగతులు తెలియవు కాబట్టి, ఎటూ మొగ్గకుండా ఉండడానికి. సూచిక పదివేలు వస్తే ఈ లెక్క ప్రకారం 99.99 శాతం. కానీ మిగతా పరిస్థితులన్నీ చూస్తే ఆయన తండ్రి అవడానికి వెయ్యికి ఒక్క వంతే అవకాశం ఉన్న కేసు అనుకోండి, అదే పదివేల సూచికతో వచ్చేది 91 శాతం. టెస్టు అదే, అంకెలు అవే, శాతం మారిపోయింది. భయపడక్కర్లేదు, సూచిక తొమ్మిది కోట్లు ఉంటే మొదట వెయ్యికి ఒక్క వంతే అనుకున్నా ఆఖరికి 99.99 దాటే ఉంటుంది. అందుకే నేను ఎవరికైనా చెప్పేది, శాతం చూడకండి, దాని పైన ఉండే కంబైన్డ్ ఇండెక్స్, అంటే అన్ని లైన్లూ గుణిస్తే వచ్చిన సూచిక చూడండి, అది పదివేలా కోట్లా అన్నది అసలు సమాచారం.

అన్నదమ్ముల సంగతైతే ఇంకా ముఖ్యం, దీని గురించి తెలిసినవాళ్లు కూడా తక్కువే మాట్లాడతారు. రెండో పళ్లెంలో "సంబంధం లేని వేరే మనిషి" ఉన్నాడని చెప్పా కదా. నిజంగా తండ్రి అయ్యే అవకాశం ఉన్న రెండో మనిషి ఆయన సొంత తమ్ముడే అయితే? అన్నదమ్ములిద్దరి దగ్గరా చాలా అంకెలు ఒకటే ఉంటాయి. తండ్రి కాని ఒక పరాయి మనిషిని టెస్టు చేస్తే ఇరవైలో ఓ పన్నెండు లైన్లు తేడా వస్తాయనుకుందాం, అసలు తండ్రికి సొంత అన్నో తమ్ముడో అయితే సగటున అందులో సగమే వస్తాయి, ఇంకా తక్కువ కూడా రావచ్చు. మార్కర్లు తక్కువ చూసి, తల్లి శాంపిల్ కూడా లేకపోతే తండ్రి కాని తమ్ముడు పాసైపోయే అవకాశం నిజంగానే ఉంది. ల్యాబ్‌కి ముందే చెప్తే ఇద్దరి శాంపిల్సూ తీసుకుంటారు, లేదా మార్కర్లు పెంచి "ఈయనా, ఈయన తమ్ముడా" అనే లెక్కే వేరేగా వేస్తారు.

ఇక రెండో వైపు. ఒక్క లైను సరిపోలేదు, అంటే తండ్రి కాదా? కాదు, అలా తేల్చకూడదు, మంచి ల్యాబ్ తేల్చదు కూడా. పూసల దండ తండ్రి నుంచి బిడ్డకి కాపీ అయ్యేటప్పుడు ఒక్కోసారి ఒక పూస పెరుగుతుంది లేదా తగ్గుతుంది, తండ్రిది 14 అయితే బిడ్డకి 15 వస్తుంది. ఒక్కో మార్కర్‌కి ఇది వెయ్యి కాన్పుల్లో ఒకటి రెండు సార్లు జరుగుతుంది, తల్లి వైపు కన్నా తండ్రి వైపు ఎక్కువ. ఇరవై మార్కర్లు చూస్తే వంద మంది అసలైన తండ్రీబిడ్డల్లో రెండు మూడు జంటలకైనా ఒక తేడా కనిపిస్తుందన్నమాట. అందుకే తేడా ఎన్ని చోట్ల, ఒక్క మెట్టేనా నాలుగు మెట్లా అని చూస్తారు, అనుమానం ఉంటే ఇంకొన్ని మార్కర్లు చేస్తారు. ఒక్క తేడా చూసి ఇంట్లో గొడవ పెట్టుకునేవాళ్లకి ఈ ఒక్క పేరా అయినా చేరితే బాగుండు అనిపిస్తుంది నాకు.

తండ్రీబిడ్డల లెక్క వరకు ఇదంతా బలమైనదే. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు అని వచ్చేసరికి బలం పడిపోతుంది, ఎందుకంటే తండ్రి ప్రతి లైనులో ఒకటి ఇచ్చి తీరాలి, తోబుట్టువులకి అలాంటి నియమం ఏదీ లేదు. ఒకే తల్లిదండ్రుల ఇద్దరు పిల్లల్ని తీసుకుంటే ఏ చోటైనా సరే నాలుగో వంతు అవకాశం రెండు దండలూ ఒకటే అవడానికి, సగం అవకాశం ఒక్కటి కలవడానికి, నాలుగో వంతు అవకాశం ఏదీ కలవకపోవడానికి. అంటే నిజమైన అక్కాతమ్ముళ్లకి కూడా ఐదారు లైన్లలో ఏమీ కలవకపోవచ్చు, అందులో వింత లేదు. తోబుట్టువులు సగటున సగం డీఎన్ఏ పంచుకుంటారు అంటాం, కానీ ఆ సగటు చుట్టూ దాదాపు 37 నుంచి 62 శాతం దాకా తిరుగుతుంది. సవతి తోబుట్టువులు, తాతా మనవడు, మేనమామా మేనల్లుడు, ముగ్గురికీ సగటు నాలుగో వంతే, అంకె చూసి ఇది ఫలానా బంధం అని చెప్పడం కుదరదు, వయసులు, కుటుంబ వివరాలు పక్కన పెట్టుకునే చెప్పాలి.

అయినా తండ్రీ తల్లీ ఇద్దరూ లేని చోట కూడా దారి ఉంది, దీనికి అర్జెంటీనా బామ్మల కథ చెప్పకుండా ముందుకెళ్లలేను. అక్కడ 1976 నుంచి 1983 దాకా సైనిక పాలన, వేలమందిని ఎత్తుకెళ్లి మాయం చేశారు, అందులో గర్భిణులూ ఉన్నారు, చెరలోనే పుట్టిన పసిబిడ్డల్ని వేరేవాళ్లకి ఇచ్చేశారు. అలాంటి పిల్లలు 500 మంది దాకా ఉంటారని బామ్మల అంచనా. ప్లాజా డె మాయో బామ్మలు అని వాళ్లకి పేరు, వాళ్లు సైంటిస్టుల దగ్గరికెళ్లి అడిగిన ప్రశ్న ఒక్కటే, మా కూతురు లేదు, అల్లుడు లేడు, మా రక్తంతోనే మా మనవడిని గుర్తుపట్టగలరా? అమెరికా జన్యు శాస్త్రవేత్త మేరీ క్లేర్ కింగ్ 1984 నుంచి వాళ్లతో పనిచేసింది. నలుగురు తాతామామ్మల రక్తం దొరికితే బిడ్డలో ఉండే ప్రతి అంకే ఆ నలుగురి దగ్గర ఎక్కడో ఒకచోట దొరకాలి, లెక్క అక్కడ మొదలైంది. అందరూ బతికి లేని కుటుంబాల కోసం తల్లి వైపు నుంచి మాత్రమే వచ్చే మైటోకాండ్రియా డీఎన్ఏని వాడారు. 1987లో చట్టం చేసి జన్యు బ్యాంకే పెట్టారు, బామ్మలు చనిపోయినా వాళ్ల రక్తం సమాధానం చెప్పడానికి ఉండాలని. ఇప్పటిదాకా 130 మందికి పైగా దొరికారు, పుట్టినప్పుడు పోయిన వాళ్లు నడివయసులో దొరుకుతున్నారు.

మైటోకాండ్రియా అన్నా కదా, దానికీ వై క్రోమోజోమ్‌కీ ఒక పోలిక ఉంది. ఒకటి తల్లి నుంచి పిల్లలందరికీ వెళ్తుంది, కానీ కూతుళ్లే దాన్ని తర్వాతి తరానికి ఇవ్వగలరు. రెండోది తండ్రి నుంచి కొడుక్కి, కొడుకు నుంచి మనవడికి. రెండూ దాదాపు మారకుండా తరాలు దాటతాయి, అదే వాటి బలం, అదే బలహీనత కూడా. 1485లో యుద్ధంలో చనిపోయిన ఇంగ్లండ్ రాజు మూడో రిచర్డ్ అస్థిపంజరం 2012లో ఒక కార్ పార్కింగ్ కింద దొరికింది, విచిత్రంగా అదే లెస్టర్‌లో. ఆయన అక్క వంశంలో ఆడవాళ్ల వైపు నుంచి వచ్చిన ఇద్దరు ఇప్పుడు బతికున్నవాళ్లు, వాళ్ల మైటోకాండ్రియా ఎముకల్లో ఉన్నదానితో కలిసింది. తండ్రుల వైపు నుంచి అదే వంశం అని కాగితాల్లో ఉన్న ఐదుగురు మగాళ్ల వై చూస్తే ఒక్కరిది కూడా రాజుతో కలవలేదు, ఆ ఐదుగురిలో కూడా నలుగురివి ఒకలా, ఒకరిది ఇంకోలా. మధ్యలో ఎక్కడో కాగితం మీద రాసిన తండ్రి అసలు తండ్రి కాదని అర్థం, అది కూడా ఒక్కచోట కాదు. ఏ తరంలో జరిగిందో మాత్రం ఆ టెస్టు చెప్పలేదు.

వై బలహీనత ఏంటంటే అన్నకీ తమ్ముడికీ తాతకీ పెదనాన్న కొడుక్కీ అందరికీ ఒకటే. 1998లో అమెరికా మాజీ అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ మీద ఇలాంటి టెస్టే జరిగింది, ఆయన దగ్గర బానిసగా ఉన్న శాలీ హెమింగ్స్ కొడుకు వంశంలోని వై, జెఫర్సన్ పెదనాన్న వంశంలోని వైతో కలిసింది. పేపర్లు "తండ్రి జెఫర్సనే" అని రాసేశాయి, టెస్టు చెప్పింది మాత్రం "జెఫర్సన్ కుటుంబంలో ఒక మగాడు" అని. ఆయనే అని ఎక్కువమంది చరిత్రకారులు ఒప్పుకున్నది ఆ టెస్టుతో పాటు, ఆమె గర్భం దాల్చిన సమయాల్లో ఆయన ఇంట్లోనే ఉన్నట్టు రికార్డులు ఉండడం వల్ల.

కొన్ని కేసుల్లో శరీరమే లెక్క తప్పిస్తుంది. 2002 ప్రాంతంలో అమెరికాలో ఒకావిడ ప్రభుత్వ సాయం కోసం అప్లై చేస్తే పిల్లలకీ ఆవిడకీ డీఎన్ఏ టెస్టు చేయించారు, ఆవిడ వాళ్ల తల్లి కాదని వచ్చింది. మోసం కేసు పెట్టబోయారు. ఆవిడ అప్పుడు మళ్లీ గర్భంతో ఉంది, కాన్పు గదిలో కోర్టు తరఫు మనిషిని నిలబెట్టి, కళ్లముందు పుట్టిన బిడ్డకి టెస్టు చేస్తే అప్పుడూ తల్లి కాదనే వచ్చింది. చివరికి తేలింది ఏంటంటే, ఆవిడ తల్లి కడుపులో కవల పిండాలుగా మొదలై రెండూ కలిసిపోయి పుట్టిన మనిషి, ఒంట్లో కొన్ని చోట్ల ఒక డీఎన్ఏ, కొన్ని చోట్ల ఇంకోటి. గర్భాశయ ముఖద్వారం నుంచి తీసిన కణాలు పిల్లలతో కలిశాయి. దీన్ని కైమీరిజం అంటారు, చాలా అరుదు. ఆ రోజుల్లో ఆవిడ పడ్డ బాధ తలచుకుంటే, టెస్టు చెప్పింది కాబట్టి నువ్వు అబద్ధమాడుతున్నావని ఒక తల్లిని అనడానికి ముందు ఎంత ఆలోచించాలో అర్థమవుతుంది.

దానికన్నా తరచుగా ఎదురయ్యేది బోన్‌మ్యారో మార్పిడి. అది చేయించుకున్నవాళ్ల రక్తంలో ఉండేది దాత డీఎన్ఏ, లాలాజలంలో రెండూ కలిసి ఉండొచ్చు. టెస్టుకి వెళ్లేముందు ఈ విషయం చెప్పి తీరాలి, అప్పుడు కుదుళ్లతో సహా పీకిన వెంట్రుకలో ఇంకేదో తీసుకుంటారు. కవలల సంగతి అందరికీ తెలిసిందే, ఒకేలా ఉండే కవలల్లో ఒకరు తండ్రి అయితే మామూలు టెస్టు ఎవరో చెప్పలేదు, జీనోమ్, అంటే డీఎన్ఏ మొత్తం చదివితే మాత్రం చెప్పే వీలుంది, అలాంటి కవలల మధ్య సగటున ఓ ఐదు మార్పులు పిండంగా ఉన్నప్పుడే వస్తాయని ఐస్‌లాండ్ పరిశోధకులు 2021లో చూపించారు.

ఇంటికి కిట్ తెప్పించుకుని ట్యూబ్‌లో ఉమ్మేసి పంపే వంశవృక్షం టెస్టులు వేరే తరహా. అవి 20 చోట్ల కాదు, ఆరేడు లక్షల చోట్ల ఒక్కో అక్షరం చదివి, ఇద్దరి మధ్య ఎంత పొడవు ముక్కలు కలిశాయో సెంటీమోర్గాన్ అనే కొలతలో చెప్తాయి. తల్లీబిడ్డలకి 3400 చుట్టుపక్కల, సొంత తోబుట్టువులకి 2600, సవతి తోబుట్టువులకి 1750, పెదనాన్న పిన్ని పిల్లల వరస అయితే 850 ప్రాంతం. సొంత తోబుట్టువా సవతా అని తేల్చడానికి పాత పద్ధతి కన్నా ఇదే చాలా మెరుగు, ఎందుకంటే సొంతవాళ్లకి రెండు దండలూ ఒకేసారి కలిసే పొడుగాటి భాగాలు ఉంటాయి, సవతివాళ్లకి ఉండవు. ఒక జాగ్రత్త, తరతరాలుగా దగ్గరి బంధువుల మధ్యే పెళ్లిళ్లు జరిగిన కుటుంబాల్లో ఈ అంకెలు ఉబ్బుతాయి, దూరపు చుట్టం దగ్గరి చుట్టంలా కనిపిస్తాడు.

ఈ కిట్ల వల్ల ఇంకో సంగతి ఉంది, వెతకనివాళ్లకి కూడా దొరుకుతుంది. సరదాకి చేయించుకున్నవాళ్లకి ఒక రోజు పొద్దున్నే ఎప్పుడూ వినని పేరుతో "సవతి అన్న" అని కనిపిస్తుంది. వీర్యదాత పేరు ఎప్పటికీ బయటికి రాదని మాటిచ్చిన రోజుల్లో పుట్టినవాళ్లు ఇప్పుడు ఆ దాత మేనకోడలు చేయించుకున్న టెస్టు ద్వారా దాతని కనుక్కుంటున్నారు, దాత ఏ టెస్టూ చేయించుకోకపోయినా సరే. 2018లో కాలిఫోర్నియాలో దశాబ్దాల నాటి హంతకుడు దొరికింది కూడా దూరపు చుట్టాలు పెట్టిన డీఎన్ఏ వల్లే. కాబట్టి మన ఉమ్ము పంపడం అంటే మన ఒక్కరి నిర్ణయం కాదు, ఇంటిల్లిపాదిదీ. పంపేముందు కనీసం తోబుట్టువులకి చెప్పాలి అనే నేను గట్టిగా నమ్ముతా.

ఇంకో అపోహ. "పది మందిలో ముగ్గురికి తండ్రి వేరే" అని ఒక లెక్క తిరుగుతుంటుంది. అది పితృత్వ పరీక్ష ల్యాబ్‌లకి వచ్చిన కేసుల్లోంచి వచ్చిన అంకె, అక్కడికి వెళ్లేదే అప్పటికే అనుమానం ఉన్నవాళ్లు. మామూలు జనాభాలో వంశవృక్షాలనీ వై క్రోమోజోమ్‌లనీ పోల్చి చూసిన పరిశోధనల్లో యూరప్‌లో తరానికి ఒక శాతం దగ్గరే వచ్చింది. ఆ ముప్పై శాతం మాట విని అనుమానం పెంచుకోవడం మహా అన్యాయం.

శాంపిల్ విషయానికొస్తే, బుగ్గ లోపలి వైపు దూది పుల్లతో అరనిమిషం రుద్దడమే, నొప్పేం ఉండదు. పుల్లని గాలికి ఆరనివ్వాలి, కాగితం కవర్లో పెట్టాలి, ప్లాస్టిక్ కవర్లో పెడితే తేమకి బూజు పట్టి పాడైపోతుంది. ఇంట్లో తీసి పంపిన శాంపిల్‌తో వచ్చిన రిపోర్టు మన మనసుకి సమాధానం చెప్తుందేమో కానీ కోర్టులో నిలబడదు, ఆ పుల్ల ఎవరి నోట్లోదో రుజువు లేదు కాబట్టి. కోర్టుకైతే గుర్తింపు కార్డు చూసి, ఫొటో తీసి, సంతకం పెట్టించి, సాక్షి ముందు సీలు వేసి, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందో ప్రతిసారీ రాస్తారు. ఫ్రాన్స్‌లో అయితే కోర్టు ఆదేశం లేకుండా సొంతంగా పితృత్వ పరీక్ష చేయించుకోవడమే నేరం.

శాంపిల్‌తో పాటు ఒక ఫారం నింపమంటారు, చాలామంది పేర్లు, పుట్టిన తేదీలు రాసి మిగతావి వదిలేస్తారు. తండ్రి అయ్యే అవకాశం ఉన్న ఇంకో మనిషి ఈయనకి బంధువా అని అడిగే చోటు అందులో ఉంటే దాన్ని ఖాళీగా వదలకండి. లేకపోతే ఫోన్ చేసి మీరే చెప్పండి, మార్పిడి ఆపరేషన్లు, కవలలు, దాత ద్వారా పుట్టడం, ఇలాంటివేవైనా ఉంటే అవీ చెప్పండి, ఇబ్బందిగా ఉన్నా సరే. రెండో పళ్లెంలో ఎవరిని పెట్టాలో ల్యాబ్‌కి తెలిసేది ఆ కాగితం నుంచే.